టాప్‌లోడ్ వాషింగ్ మెషీన్: నీళ్ల దారి పట్టుకుని వెళ్తే చాలా రిపేర్లు ఇంట్లోనే తేలిపోతాయి

టాప్‌లోడ్ మెషీన్ మొరాయించగానే మోటారు పోయిందనో బోర్డు కాలిపోయిందనో కంగారు పడతాం. తీరా విప్పి చూస్తే కుళాయి పైపు చివర జాలీకి ఇసుక పట్టి ఉంటుంది, లేదా అడుగున ఒక పిన్నీసు ఇరుక్కుని ఉంటుంది. ఈ మెషీన్లలో వచ్చే తంటాలు ఎక్కువగా నీళ్లతోనే ముడిపడి ఉంటాయి. నీళ్లు సరిగా లోపలికి రావు, లేదా సరిగా బయటికి పోవు, లేదా నీళ్లతో వచ్చిన ఉప్పు లోపల పేరుకుపోతుంది. అందుకే ఏ లోపం కనిపించినా మేడ మీద ట్యాంకు నుంచి బాత్రూమ్ మోరీ దాకా నీళ్లు నడిచే దారినే వరసగా చూసుకుంటూ రండి. ఇక్కడ చెబుతున్నది ఉతకడానికీ పిండడానికీ ఒకే తొట్టి, అడుగున తిరిగే పల్సేటర్ ఉన్న ఫుల్లీ ఆటోమేటిక్ మెషీన్ల గురించి.

చెయ్యి పెట్టే ముందు ఒక్క మాట. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి. పాత పద్ధతి మోటారు మెషీన్లలో ఉండే కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా కరెంటు పట్టి ఉంచుకుంటుంది. కాబట్టి దాని తీగల జోలికి మాత్రం పోకండి.

నీళ్లు రావడం లేదు, లేదా గంటసేపు నిండుతూనే ఉంది

ఎల్‌జీ మెషీన్లలో ఐఈ అని, శామ్‌సంగ్‌లో 4సీ లేదా 4ఈ అని పడితే ఇదే గొడవ. ముందు కుళాయి తిప్పి ఉందో లేదో, పైపు గోడకీ మెషీన్‌కీ మధ్య నలిగిందో లేదో చూడండి. అదంతా బాగానే ఉంటే చూడాల్సింది పీడనం.

చాలా మెషీన్లకు కనీసం 0.3 బార్ పీడనం కావాలి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లు ఇచ్చే ఒత్తిడి దాదాపు 1 బార్. అంటే మెషీన్ వెనక నీళ్లు ఎక్కే చోటుకీ, ట్యాంకులో నీటి మట్టానికీ మధ్య కనీసం మూడు మీటర్లు, సుమారు పది అడుగుల తేడా ఉండాలి. మామూలు డాబా ఇంటినే తీసుకోండి. స్లాబు పది అడుగుల ఎత్తు, ట్యాంకు స్లాబు మీదే నేరుగా పెట్టారు, మెషీన్‌కి నీళ్లు ఎక్కేది నేల నుంచి మూడు అడుగుల పైన. ట్యాంకు అడుగుకీ మెషీన్‌కీ మధ్య ఏడు అడుగులే మిగిలింది. ట్యాంకులో మూడు అడుగుల నీళ్లుంటే లెక్క సరిపోతుంది, సగానికి దిగితే సరిపోదు. పొద్దున మోటారు వేసి ట్యాంకు నింపినప్పుడు బాగా నడిచిన మెషీన్ సాయంత్రానికి అలారం కొట్టడానికి కారణం ఇదే. అపార్ట్‌మెంట్లలో పై అంతస్తు వాళ్లదీ ఇదే బాధ. దీనికి మెషీన్‌లో మార్చాల్సిన పార్టు ఏమీ లేదు. ట్యాంకు కింద ఇటుకల దిమ్మె కట్టి ఎత్తు పెంచాలి, లేదా లైన్‌కి చిన్న ప్రెషర్ పంపు పెట్టించాలి. తక్కువ పీడనానికి పనిచేసే వాల్వు ఉన్న మోడళ్లు కూడా దొరుకుతాయి. కొత్తది కొనేవాళ్లు పై అంతస్తులో ఉంటే ఈ సంగతి ముందే అడగాలి.

పీడనమా, జాలీయా అని తేల్చుకోవడానికి బకెట్ ఉంటే చాలు. మెషీన్ వైపు పైపు విప్పి, ఆ చివర పది లీటర్ల బకెట్‌లో పెట్టి కుళాయి పూర్తిగా తిప్పండి. రెండు నిమిషాల్లోపు నిండితే ట్యాంకుతో పేచీ లేదు, అడ్డం మెషీన్ దగ్గరే ఉంది. పైపు విప్పిన చోట లోపలికి చూస్తే బొటనవేలి గోరంత ప్లాస్టిక్ జాలీ కనిపిస్తుంది. సన్నమూతి పట్టకారుతో దాని మధ్యలో ఉన్న చిన్న ముక్కును పట్టుకుని నిదానంగా లాగండి. బోరు నీళ్ల ఇళ్లలో దాని మీద ఎర్రమట్టి, తుప్పు, తెల్లటి ఉప్పు కలిసి గట్టిపడి ఉంటాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. వదలకపోతే గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టండి. కుళాయి వైపు కనెక్టర్‌లో కూడా కొన్నిటికి ఇంకో జాలీ ఉంటుంది, దాన్నీ కడగండి. జాలీ లేకపోతే నీళ్లు బాగా వస్తున్నాయని తీసి పారేయకండి. ఆ ఇసుక నేరుగా వాల్వులోకి పోయి రబ్బరు మూతను పూర్తిగా మూసుకోనివ్వదు.

తిరిగి బిగించేటప్పుడు రబ్బరు వాషరు చోటులో ఉందో లేదో చూసి, నట్టు చేత్తోనే బిగించండి. పానా పెట్టి బిగిస్తే ప్లాస్టిక్ మర చిట్లుతుంది. ఉతకడం అయిపోయాక కుళాయి కట్టేయడం అలవాటు చేసుకోండి. పైపు మీద ఇరవైనాలుగు గంటలూ ఒత్తిడి ఉండడం మంచిది కాదు.

నీళ్లు ఆగకుండా వస్తుంటే

దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది, దాంతో సగం అనుమానం తీరిపోతుంది. నీళ్లు వస్తుండగానే ప్లగ్ పీకండి. అయినా నీళ్లు పడుతూనే ఉంటే వాల్వు మూసుకోవడం లేదు. లోపల ఇసుక ఇరుక్కుంది లేదా రబ్బరు అరిగింది, వాల్వు మార్చుకోవాలి. రాత్రి ఖాళీగా ఉన్న తొట్టిలో పొద్దునకి నీళ్లు చేరి ఉన్నా ఇదే లోపం. ప్లగ్ తీయగానే ఆగిపోతే వాల్వు మంచిదే, తొట్టిలో ఎన్ని నీళ్లున్నాయో మెషీన్‌కి తెలియడం లేదన్నమాట.

ఆ సంగతి మెషీన్‌కి చెప్పేది ఒక సన్నటి రబ్బరు గొట్టం. తొట్టి అడుగు నుంచి పైన ప్యానెల్ వెనకున్న సెన్సర్ దాకా వెళ్తుంది. నీళ్లు పెరిగేకొద్దీ గొట్టంలో గాలి నొక్కుకుంటుంది, ఆ గాలి ఒత్తిడిని బట్టి సెన్సర్ మట్టం లెక్క కడుతుంది. గొట్టం కింది చివర నూలు పీచుతోనో సబ్బు మడ్డితోనో పూడుకుపోయినా, ఎలుక ఎక్కడైనా కొరికినా లెక్క తప్పుతుంది. తొట్టి పూర్తిగా ఖాళీ చేసి, ప్లగ్ తీసి, సెన్సర్ వైపు చివర ఊడదీసి తొట్టి వైపుకి నోటితో గట్టిగా ఊదండి. గాలి సాఫీగా పోవాలి. సెన్సర్ లోపలికి మాత్రం ఊదకూడదు, లోపలి పొర దెబ్బతింటుంది.

ఇంకో రకం ఉంది: నీళ్లు నిండుతున్నాయి, తగ్గుతున్నాయి, మళ్లీ నిండుతున్నాయి. ఉతుకుతున్నప్పుడు ఔట్‌లెట్ పైపు చివర చూడండి. అక్కడ సన్నగా ధార కారుతుంటే డ్రెయిన్ వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. హెయిర్‌పిన్నో, బ్లౌజు హుక్కో, అగ్గిపుల్ల ముక్కో అందులో ఇరుక్కుని ఉంటుంది.

ఉప్పు నీళ్లు, సబ్బు, పీచు

మన దగ్గర మెషీన్లను ముసలివి చేసేది బోరు నీళ్లే. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. బకెట్ అంచున తెల్ల చార కట్టే నీళ్లు, సబ్బు రుద్దినా నురగ రాని నీళ్లు మీవైతే ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి.

కఠిన జలంలోని కాల్షియం సబ్బుతో కలిసి పెరుగులా విరిగి జిడ్డు ముద్ద అవుతుంది. అది బట్టల పీచుతో కలిసి, లోపలి తొట్టికీ బయటి తొట్టికీ మధ్యనున్న సందులో, మన కంటికి కనపడని చోట అంటుకుంటుంది. నల్ల ప్యాంటు మీద తెల్ల మచ్చలు, తెల్ల చొక్కా మీద నల్లటి పొలుసులు, ఉతికిన బట్టకే ముక్క వాసన, అన్నీ అక్కడి నుంచే వస్తాయి. వాసన వస్తోందని పౌడరు ఇంకో గుప్పెడు ఎక్కువ వేస్తాం, దాంతో మడ్డి ఇంకా పెరుగుతుంది.

పౌడరు కొలిచే వేయాలి. ఆరేడు కిలోల మెషీన్ సగం నిండితే 40 గ్రాములు, నిండుగా ఉంటే 60 నుంచి 70 గ్రాములు చాలు. మరీ ఉప్పు నీళ్లయితే ఆ కొలతకి ఇంకో నాలుగో వంతు అదనంగా కలపండి, అంతకు మించి వద్దు. బకెట్‌లో నానబెట్టే పౌడరు నురగ ఎక్కువ పెడుతుంది. ఆ నురగ స్పిన్‌లో తొట్టి చుట్టూ చేరి తిరగనివ్వదు. టాప్‌లోడ్‌కని రాసి ఉన్నదే కొనండి. పౌడరు కరగడం లేదనిపిస్తే మగ్గు గోరువెచ్చటి నీళ్లలో ముందే కలిపి పోయండి, లేదా లిక్విడ్‌కి మారండి. కఠిన జలంలో లిక్విడ్ మిగిల్చే తెల్ల మచ్చలు తక్కువ.

నెలకోసారి, బోరు నీళ్లయితే మూడు వారాలకోసారి తొట్టి కడగాలి. బట్టలేమీ లేకుండా నీటి మట్టం గరిష్ఠానికి పెట్టి నింపండి. మధ్యలో రెండు బకెట్ల వేడి నీళ్లు పోయండి. చెయ్యి పెడితే చురుక్కుమనే వేడి చాలు, మరిగేవి పోస్తే ప్లాస్టిక్ వంగుతుంది. 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేయండి. చాలాకాలంగా కడగనిదైతే 200 గ్రాములు. పది నిమిషాలు తిప్పి, పవర్ ఆపి గంటసేపు అలాగే వదిలేయండి. మూత తీసి చూస్తే బూడిదరంగు రేకులు పైకి తేలి ఉంటాయి. వాటిని టీ వడపోతతో తోడేయండి. అలాగే వదిలేస్తే డ్రెయిన్ వాల్వులో చిక్కుకుంటాయి. మళ్లీ పది నిమిషాలు తిప్పి, నీళ్లు వదిలి, మంచి నీళ్లతో రెండుసార్లు జాడించండి. మొదటిసారి కడిగిన తర్వాత వచ్చే రెండు ఉతుకులకి పాత బట్టలే వేయండి, మిగిలిన రేకులు ఊడి వస్తూ ఉంటాయి.

నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ వేసిన రోజు బ్లీచింగ్ ద్రావణం ఎట్టి పరిస్థితిలోనూ వేయవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

తొట్టి గోడకి ఉండే లింట్ ఫిల్టర్‌ని, అంటే పీచు పట్టే జాలీ సంచీని, రెండు మూడు ఉతుకులకోసారి విప్పి, సంచీని తిరగేసి కడగండి. జాలీ చిరిగితే వెంటనే కొత్తది పెట్టండి. లేకపోతే అందులో పడాల్సిన పీచంతా తిరిగి బట్టలకే అంటుకుంటుంది. ఉతికాక రెండు మూడు గంటలు మూత తెరిచి ఉంచండి. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉన్నప్పుడే.

పల్సేటర్ కింద ఏముంది

ఆర్నెల్లకోసారి చేయాల్సిన పని ఇది. చాలా ఇళ్లలో మెషీన్ కొన్న నాటి నుంచి ఒక్కసారీ చేసి ఉండరు. పల్సేటర్ అంటే తొట్టి అడుగున తిరిగే పళ్లెం. దాని నడుమ ఒక స్క్రూ ఉంటుంది, కొన్నిటిలో పైన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. ప్లగ్ తీసి, తొట్టి తుడిచి, సరిగ్గా పట్టే స్టార్ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా అదిమి ఎడమకి తిప్పండి. ఇక్కడ తొందరపడితే స్క్రూ తల అరిగిపోయి పని రెట్టింపవుతుంది. స్క్రూ వచ్చినా పళ్లెం రాకపోవచ్చు, ఉప్పు పట్టి బిగుసుకుని ఉంటుంది. నడుమ రెండు మగ్గుల వేడి నీళ్లు పోసి పావుగంట ఆగి, రెండు గట్టి తీగలను కొక్కేల్లా వంచి, పళ్లెం రంధ్రాల్లో ఎదురెదురుగా దూర్చి రెండు చేతులతో నిలువుగా లాగండి. ఒక పక్క నుంచి స్క్రూడ్రైవర్‌తో మీటితే అంచు విరుగుతుంది.

పైకి రాగానే కింద కనిపించేది చూస్తే బట్టలు ఎందుకు వాసన వస్తున్నాయో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. వెంట్రుకలు, నూలు పీచు, సబ్బు కలిసి నల్లటి జిగట ముద్ద, అందులో రూపాయి బిళ్ల, చొక్కా గుండీ, తుప్పు పట్టిన పిన్నీసు, బ్లౌజు హుక్కులు, కరిగి మళ్లీ గట్టిపడ్డ టిష్యూ కాగితం. ఉతుకుతున్నప్పుడు గరగరమన్న చప్పుడు ఆ బిళ్లదే. వేళ్లకి పిన్నులు గుచ్చుకోకుండా గ్లౌజులు వేసుకుని తీసేయండి. బ్రష్‌తో రుద్ది, మగ్గుతో నీళ్లు కొట్టి కడిగేయండి. నడుమన నిలబడి ఉన్న ఇరుసు పళ్లూ, పళ్లెం కింది పళ్లూ అరిగాయేమో చూడండి. పళ్లెం వైపు పళ్లు నున్నగా అయిపోతే మోటారు తిరుగుతున్నా పళ్లెం తిరగదు. పల్సేటర్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. తిరిగి బిగించాక చేత్తో తిప్పి, ఎక్కడా ఒరుసుకోవడం లేదని చూసుకోండి.

నీళ్లు పోవడం లేదు

ఎల్‌జీలో ఓఈ అని, శామ్‌సంగ్‌లో 5సీ లేదా 5ఈ అని పడితే ఇదే. ముందు మీ మెషీన్ ఏ రకమో తెలుసుకోవాలి. కొన్నిటిలో పంపు ఉంటుంది, నీళ్లు పైకి తోస్తుంది. మన ఇళ్లలోని చాలా టాప్‌లోడ్‌లలో పంపు ఉండదు. వాల్వు తెరుచుకుంటుంది, నీళ్లు వాటంతట అవే పల్లానికి పోతాయి. ఈ రెండో రకానికి పైపు నేల మీదే పడుకుని ఉండాలి, ఎక్కడా నేల నుంచి 10 సెంటీమీటర్లకు మించి లేవకూడదు. మెషీన్ బాల్కనీలోనో వంటింట్లోనో పెట్టి, బాత్రూమ్ గడప మీదుగా పైపు దాటించిన ఇళ్లలో మెషీన్‌ది ఏ తప్పూ లేకపోయినా ఓఈ పడుతుంది. గడప ఎత్తు కంటే దిగువన ఉన్న నీళ్లు పోవు మరి. దీనికి గోడకి అడుగున రంధ్రం వేయించడమో, మెషీన్‌ని దిమ్మె మీద పెట్టడమో తప్ప దారి లేదు. పైపు చివర మోరీ నీళ్లలో మునిగి ఉన్నా, పైపుకి పొడవుగా అతుకు వేసినా ఇదే ఇబ్బంది.

పైపు సరిగానే ఉంటే దాన్ని ఊడదీసి, కుళాయికి పట్టి కడిగి, వాల్వు గూటిలో చెత్త ఉందేమో చూడాలి. ఇక్కడ ఒక కీలకం గుర్తుంచుకోండి. పంపు లేని మెషీన్లలో డ్రెయిన్ మోటారు అనే చిన్న మోటారు వాల్వుని లాగుతుంది. అదే లాగుడుతో క్లచ్‌ని, అంటే మోటారు తిప్పుడుని పల్సేటర్ నుంచి తొట్టికి మార్చే భాగాన్ని, కూడా స్పిన్‌లోకి మారుస్తుంది. నీళ్లూ పోక, స్పిన్ కూడా కాకపోతే ముందు అనుమానించాల్సింది పెద్ద మోటారుని కాదు, ఈ చిన్నదాన్ని.

స్పిన్‌లో గంతులు

యూఈ అని కోడ్ పడితే బరువు ఒక పక్కకి చేరిందని. ఒకే దుప్పటి, ఒకే జీన్స్ వేసినప్పుడు ఇది తప్పదు, జతగా ఇంకో రెండు తువ్వాళ్లు వేయండి. పట్టుచీరల సంగతి వదిలేయండి, అవి మెషీన్‌లో వేయకూడదు. నూలు, సింథటిక్ చీరలు ఒక్కోటి మడిచి నెట్ సంచీలో వేయాలి. లేకపోతే ఆరు గజాలూ తాడులా పేనుకుని మిగతా బట్టల్ని కూడా ఒక మూలకి లాగేస్తాయి. రెయిన్‌కోటు, నీళ్లు ఇంకని పరుపు కవరు స్పిన్‌లో అసలు వేయవద్దు. వాటి మడతల్లో లీటర్ల కొద్దీ నీళ్లు నిలిచిపోతాయి, వేగం అందుకున్నాక ఆ బరువు ఒక్క పక్కకి తన్నితే తొట్టి పగిలిపోవచ్చు.

బట్టలు సర్దినా దడదడలాడుతుంటే మట్టం చూడండి. మట్టం కర్ర అక్కర్లేదు. తొట్టిలో కొంచెం నీళ్లు నింపి లోపలి రంధ్రాల వరసను చూడండి. నీటి అంచు చుట్టూ ఒకే వరసను తాకితే మట్టం సరిగ్గా ఉంది. ఒక పక్క నీళ్లు పై వరసకి ఎక్కితే మెషీన్ ఆ పక్కకి దిగి ఉందని అర్థం; ఆ పక్క కాలిని తిప్పి పైకెత్తి, లాక్ నట్టుని మెషీన్ అడుగుకి ఆనేలా బిగించండి. చక్రాల స్టాండ్ మీద ఉంటే దించేయండి, ఊగడానికి సగం కారణం అదే.

తర్వాత సస్పెన్షన్ రాడ్లు. నాలుగు మూలలా నాలుగు కడ్డీలు తొట్టిని వేలాడదీసి ఉంటాయి. ఖాళీ తొట్టిని ఒక్కో మూల అదిమి వదలండి. ఒకసారి ఊగి నిలబడాలి. ఏ మూలైనా మూడు నాలుగు సార్లు ఎగిరితే, లేదా తొట్టి ఒక పక్కకి వేలాడుతుంటే ఆ రాడ్ పట్టు వదిలేసింది. మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి మార్చండి. ఒక్కటే మారిస్తే కొత్తది గట్టిగా, పాతవి మెత్తగా ఉండి ఊపు అలాగే ఉంటుంది.

మోటారు హుమ్మంటోంది గానీ తిరగడం లేదంటే, పల్సేటర్ చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే కెపాసిటర్ మీద అనుమానం. మెకానిక్ చేత మార్పించేటప్పుడు పాతదాని మీద రాసిన మైక్రోఫారడ్ అంకె ఎంతో కొత్తదానికీ అంతే ఉందని చూడండి. రబ్బరు కాలిన వాసన, కిర్రు చప్పుడు వస్తే బెల్టు. దాని మీద నంబరు ఉంటుంది, పాతది చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లండి. మోటారు నేరుగా తొట్టిని తిప్పే డైరెక్ట్ డ్రైవ్ మెషీన్లలో బెల్టు ఉండదు.

ఎలుకలు, షాక్

మెషీన్ అడుగు చాలా మోడళ్లలో తెరిచే ఉంటుంది. ఎలుకకి వెచ్చటి, చీకటి గూడు. తీగలు, గాలి గొట్టం, డ్రెయిన్ రబ్బరు, ఏదీ వదలదు. అడుగున ఇనుప జాలీ బిగించండి. అట్టముక్కతోనో ప్లాస్టిక్ షీట్‌తోనో పూర్తిగా మూసేస్తే మోటారుకి గాలి ఆడదు. మోరీ దగ్గర పైపు చుట్టూ ఉన్న సందు కూడా మూయండి, అది కూడా వాటి దారే. కొన్నాళ్లు ఊరెళ్తుంటే ప్లగ్ తీసి, కుళాయి కట్టి, అడుగున అన్నం మెతుకులు, పప్పు గింజలు లేకుండా ఊడ్చి వెళ్లండి.

తడి చేత్తో తాకితే జిల్లుమంటే ఆ క్షణమే వాడకం ఆపండి. మూడు కాళ్ల ప్లగ్ ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో సాకెట్ మూడో రంధ్రానికి తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ పరీక్ష చేయించి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద, అదీ తడి నేల మీద, ఈ మెషీన్ నడపకండి.

మెకానిక్‌ని పిలవాల్సిన చోటు

స్పిన్‌లో లారీ వస్తున్నట్టు మోత, అడుగున తుప్పు రంగు జిడ్డు చుక్కలు, ఈ రెండూ కలిసి కనిపిస్తే సీలు చెడి నీళ్లు బేరింగ్‌లోకి దిగాయి. ఖాళీ తొట్టిని చేత్తో తిప్పితే గరగరలాడుతుంది, అటూ ఇటూ కదిపితే వదులుగా ఆడుతుంది. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు, తొట్టి మొత్తం ఎత్తాలి. ఆలస్యం చేస్తే ఇరుసు కూడా అరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఉతుకుతున్నప్పుడు పల్సేటర్‌తో పాటు తొట్టి కూడా తిరుగుతుంటే క్లచ్‌దో బ్రేకుదో లోపం కావచ్చు, అదీ మెకానిక్ పనే. వచ్చినతనితో ‘మెషీన్ పనిచేయడం లేదు’ అని ఊరుకోకుండా, ఏ కోడ్ పడిందో, నీళ్లు నిండేటప్పుడా పోయేటప్పుడా తిరిగేటప్పుడా ఆగిందో, ప్లగ్ తీస్తే ఏమైందో చెప్పండి. విప్పిన పాత పార్టు మీకు చూపించి, ఇక్కడే వదిలి వెళ్లమనండి.